డాక్టరు గారి పేరుతో వచ్చే పేపరు నేను రాయొచ్చా?

ప్రశ్న: నేను ఎం.ఫార్మసీ చదివాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. కొన్నేళ్లుగా హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే మెడికల్ రైటర్‌గా పనిచేస్తున్నాను. ఈ నెల ఒక షుగర్ మందు మీద రివ్యూ ఆర్టికల్ రాయమన్నారు. ఏ పాయింట్లు రావాలో ఔట్‌లైన్ ఆ మందు కంపెనీ నుంచే వచ్చింది. పేపర్లు వెతికింది నేను, ఏవి తీసుకోవాలో ఏవి వదిలేయాలో తేల్చింది నేను, రాసింది నేను. ఆథర్ల పేర్లు ఉండాల్సిన చోట 'తర్వాత చెబుతాం' అని ఉంది. ఒక పెద్ద డాక్టరు గారి పేరు పెడతారట, ఆయన ఒకసారి చూసి ఓకే అంటారట. నా పేరు ఎక్కడా ఉండదు. అడిగితే మా మేనేజరు 'జీతం ఇస్తున్నాం కదమ్మా, పేరుతో ఏం పని' అన్నారు. పైగా సైడ్ ఎఫెక్టుల భాగం తగ్గించి టేబుల్‌లోకి పంపమన్నారు. ఇది చాలదన్నట్టు విజయవాడలో పీజీ చేస్తున్న మా బావగారి స్నేహితుడు తన థీసిస్ మొత్తం రాసిపెట్టమని, మంచి డబ్బు ఇస్తానని అడుగుతున్నాడు. ఇంటి లోను ఉంది, ఉద్యోగం వదులుకోలేను. నేను చేస్తున్నది తప్పా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.
– ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు మీ మనసులో ఉన్న పెద్ద భయం తీరుస్తాను. మెడికల్ రైటర్ పని తప్పు కాదు. అది అవసరమైన పని. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో పొద్దున ఓపీ మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేని డాక్టర్లు ఎంతమంది! వాళ్ల దగ్గర మంచి డేటా ఉంటుంది. కూర్చుని రాయడానికి తీరిక ఉండదు, చాలామందికి రాసే అలవాటూ ఉండదు. అలా ఎన్నో ఫలితాలు బీరువాల్లో ఫైళ్లుగానే ఉండిపోతాయి. పేషెంట్లు సూదులు పొడిపించుకుని, రక్తం ఇచ్చి, పనులు మానుకుని వచ్చి పాల్గొన్న పరిశోధన బయటికి రాకపోవడం వాళ్లకు చేసే అన్యాయమే. రాయడం నేర్చిన మనిషి పక్కన ఉంటే ఆ పని జరుగుతుంది, బాగా కూడా జరుగుతుంది. ట్రయల్ పేపర్లలో ఏమేం చెప్పి తీరాలో కాన్సార్ట్ అనే జాబితా ఉందని మీకు తెలుసు. రైటర్ సాయం తీసుకున్నామని ఒప్పుకున్న ట్రయల్ పేపర్లను, అలాంటి సాయం లేని వాటిని పోల్చి 2016లో బీఎంజే ఓపెన్ అనే మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. రైటర్ సాయం ఉన్నవాటిలోనే ఆ వివరాలు ఎక్కువ పూర్తిగా ఉన్నాయని తేలింది.

కానీ 'ఒప్పుకున్న' అనే మాట దగ్గర ఆగండి. మీ చేతికొచ్చిన పనిలో లేనిది అదే.

మీరు రాసే రివ్యూ రేపు అచ్చయ్యాక ఏమవుతుందో ఊహించండి. మందుల కంపెనీ రెప్ దాని కాపీలు పట్టుకుని మన ఊళ్లలో క్లినిక్ క్లినిక్‌కూ తిరుగుతాడు. డాక్టరు మొదటి పేజీ, చివరి పేరా చూస్తారు. పైనున్న పేరు చూసి, 'ఇంత అనుభవం ఉన్నాయన సాక్ష్యాలన్నీ చదివి, తూచి ఈ మాట అన్నాడు' అనుకుంటారు. ఆ నమ్మకంతోనే ప్రిస్క్రిప్షన్ రాస్తారు. జరిగింది మాత్రం వేరు. ఏం చెప్పాలో నిర్ణయించింది మందు అమ్మేవాళ్లు, తూచింది మీరు. పేరున్నాయన ఒక సాయంత్రం చూసి సరే అన్నారు. చదివే డాక్టరుకు ఈ సంగతి తెలిస్తే ఆ పేపరును వేరే కళ్లతో చదువుతారు. అలా చదివే అవకాశాన్ని ఆయనకు లేకుండా చేయడమే ఇందులో తప్పు.

ఇలా చేస్తే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. అమెరికాలో వైయెత్ అనే కంపెనీ నెలసరి ఆగిన ఆడవాళ్ల కోసం ప్రెంప్రో వంటి హార్మోన్ మందులు అమ్మేది. వాటి గురించి జర్నళ్లలో వచ్చిన 26 పేపర్ల వెనక ఒక రైటింగ్ కంపెనీ పని ఉందని 2009లో కోర్టు బయటపెట్టించిన కాగితాలు చూపించాయి. ఔట్‌లైన్ ముందు, డ్రాఫ్టు తర్వాత, ఆథర్‌ని వెతకడం ఆ తర్వాత. మీ పని వరుసతో పోల్చి చూసుకోండి, పెద్ద తేడా లేదు. ఆ పేపర్లు 1998 నుంచి 2005 దాకా వచ్చాయి. మధ్యలో 2002లో, 16,608 మంది ఆడవాళ్లతో నడిచిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో ఆ హార్మోన్ల విభాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. మందు వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు, పక్షవాతం ఎక్కువగా కనిపించడమే కారణం. ఆ తర్వాత కూడా మందును వెనకేసుకొచ్చే పేపర్లు ఆగలేదు. వాటిని రాసినవాళ్లు దుర్మార్గులని నేననుకోను. మీలాంటి చదువుకున్న పిల్లలే, ఇచ్చిన ఔట్‌లైన్ ప్రకారం నీటుగా పని ముగించి ఉంటారు. అందుకే మీ ఉత్తరం చదివి నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

ఇప్పుడు పేరు సంగతి. అంతర్జాతీయ మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ, అంటే ఐసీఎంజేఈ, ఆథర్ అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. అధ్యయనం ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాయడమో, విషయం మీద లోతుగా దిద్దడమో చేయాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. ఏ ప్రశ్న వచ్చినా జవాబుదారీగా నిలబడతానని ఒప్పుకోవాలి. ఈ చివరిది 2013లో చేర్చారు. నాలుగూ ఉంటేనే ఆథర్. కొన్నే ఉంటే పేపరు చివర అక్నాలెడ్జ్‌మెంట్‌లో పేరు, చేసిన పని, డబ్బు ఎవరిచ్చారో చెప్పాలి. మామూలుగా ట్రయల్ ఒకరు చేసి, డేటా వాళ్లే విశ్లేషించి, మీకిచ్చి రాయించుకుంటే మీ చోటు అక్నాలెడ్జ్‌మెంటే. అది చిన్నతనం కాదు.

మీ రివ్యూ విషయం అలా లేదు. రివ్యూలో డేటా అంటే పాత పేపర్లే. వాటిని వెతికింది, ఎంచింది, అర్థం చెప్పింది మీరు. మొదటి రెండు షరతులూ మీవైపే ఉన్నాయి. డాక్టరు గారు ఒకసారి చూసి ఓకే అంటే ఆయనకు దక్కేది మూడోది ఒక్కటే. కాబట్టి మీకు ఓ మూల ధన్యవాదాలు చెప్పేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. రెండే దారులున్నాయి. డాక్టరు గారు నిజంగా పనిలోకి దిగాలి. అంటే ఏ ప్రశ్న వేసుకుంటున్నాం, ఏ పేపర్లు తీసుకుంటున్నాం, వాటిని బట్టి ఏం చెప్పగలం అన్నవి ఆయన తేల్చాలి, డ్రాఫ్టును గట్టిగా దిద్దాలి. లేదంటే ఆథర్ల వరుసలో మీ పేరు ఉండాలి, మీకు జీతమిచ్చేది ఎవరో కింద రాయాలి. మొదటి షరతు నెరవేర్చిన మనిషికి మిగతా పనుల్లో అవకాశం ఇవ్వకుండా చేసి, 'షరతులు పూర్తి కాలేదు కాబట్టి నువ్వు ఆథర్‌వి కావు' అనకూడదని కూడా ఐసీఎంజేఈ చెబుతుంది. ఈ సంగతి చాలామంది రైటర్లకు తెలియదు. మీరు తెలుసుకుని ఉంచుకోండి.

'జీతం ఇస్తున్నాం కదా' అన్న మేనేజరు గారి మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. జీతం మీ శ్రమకు. పేరు చదివేవాళ్ల కోసం. ఆ సమాచారం మీద హక్కు వాళ్లది, దాన్ని మీరూ కంపెనీ కలిసి మాఫీ చేసుకోలేరు.

నిజం చెప్పాలంటే ఈ పద్ధతి వల్ల ఆ డాక్టరు గారూ ఇబ్బందిలో పడతారు. రేపు ఎవరైనా ఎడిటర్‌కు లేఖ రాసి 'ఫలానా ట్రయల్‌ని ఎందుకు వదిలేశారు' అని అడిగితే ఆయన ఏం చెబుతారు? మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్లకు పబ్లికేషన్లు కావాలి, ఆ ఒత్తిడి నాకు తెలుసు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. ఆరు పెద్ద జర్నళ్లలో 2008లో వచ్చిన పేపర్ల మీద, వాటి ఆథర్లనే అడిగి చేసిన సర్వే 2011లో బీఎంజేలో వచ్చింది. వాటిలో 21 శాతం పేపర్లలో పని చేయని పేరు చేరడమో, పని చేసిన పేరు దాగడమో జరిగింది. అందరూ చేస్తున్నారని ఎవరైనా అంటే, ఆ అంకెను వంకగా చూపిస్తారు. నాకైతే అది మన చదువుల మీద మచ్చ.

ఇక సైడ్ ఎఫెక్టులు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ వాక్యమే. టేబుల్ పెట్టడం తప్పు కాదు, చాలాసార్లు మంచిదే. టేబుల్‌ పెట్టి వచనంలోంచి, పేపరు పైన సారాంశంగా ఉండే అబ్‌స్ట్రాక్ట్‌లోంచి తీసేయడం తప్పు. 'స్టడీ 329' అని ఒక ట్రయల్ గురించి మీరు వినే ఉంటారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లల్లో డిప్రెషన్‌కు పారాక్సిటిన్ అనే మందు మీద చేసి, 2001లో అచ్చువేశారు. పైన 22 మంది ఆథర్లు. మొదటి డ్రాఫ్టు రాసింది ఒక రైటింగ్ కంపెనీ మనిషి. మందు బాగా పనిచేస్తుంది, పిల్లలు బాగానే తట్టుకున్నారు అని రాశారు. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు కొన్నింటిని 'భావోద్వేగాల అస్థిరత' అనే తలకింద కలిపేశారు. 2015లో వేరే పరిశోధకులు అదే డేటాను మొదటినుంచి మళ్లీ విశ్లేషించి బీఎంజేలో వేశారు. మందు పనిచేయలేదు, హాని ఎక్కువ ఉంది అని తేలింది. మధ్యలో 2012లో తయారీ కంపెనీ గ్లాక్సో స్మిత్ క్లైన్ అమెరికా ప్రభుత్వంతో 300 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకుంది. ఆ కేసులో ఇంకా చాలా ఉన్నాయి గానీ, ఈ మందును పిల్లలకు ప్రచారం చేయడం వాటిలో ఒకటి.

ఈ కథలో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పేపర్లో రైటర్ పేరు దాచలేదు. 'ఎడిటోరియల్ సహాయం' చేశారని చివర రాశారు. అంటే పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, చేసిన పని ఉన్నదున్నట్టు ఉండాలి. మొదటి డ్రాఫ్టు రాసిన మనిషిని భాష దిద్దినట్టు చూపిస్తే అదీ దాచడమే. మీ విషయంలో కూడా వాళ్లు దిగివచ్చి 'సరే, ఎడిటింగ్ సాయం అని పెడదాం' అనవచ్చు. దానికి ఒప్పుకోకండి.

షుగర్ మందుల్లో కొన్నింటికి షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు అది ఒక బిస్కెట్‌తో తీరొచ్చు. మిర్చి యార్డులో ఎండలో బస్తాలు మోసే మనిషికి, రాత్రి లారీ నడిపే డ్రైవరుకు అది ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లకు మందు రాసే డాక్టరు మీ పేపరు చదివేది ఓపీల మధ్య దొరికిన రెండు నిమిషాల్లో. కాబట్టి ముఖ్యమైన సైడ్ ఎఫెక్టులు అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండాలి. అంకెలు ఎంతమందిలో ఎంతమందికి అన్న లెక్కతో రావాలి. 'వెల్ టాలరేటెడ్', అంటే పేషెంట్లు బాగానే తట్టుకున్నారు, అన్న మాట మీ డ్రాఫ్టులో ఎక్కడుందో వెతికి, ఆ చోట సైడ్ ఎఫెక్టుల వల్ల ఎంతమంది మందు మధ్యలో మానేశారో రాయండి. మేనేజరు గారు ఆ వాక్యాలు తీసేయమంటే, తీసేయమన్న కారణం రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా అడగండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

ఉద్యోగం పోకుండా ఇవన్నీ ఎలా అడగాలి? గొడవగా కాదు, పనిలో భాగంగా అడగండి. ఫోన్లో వద్దు, ఈమెయిల్ పెట్టండి. ఇంగ్లీషులో మీ మాటల్లో రాసుకోండి గానీ సారాంశం ఇలా ఉంటే చాలు: 'ఈ రివ్యూకి ఆథర్లు ఎవరో ఖరారు చేస్తే, డ్రాఫ్టు ముందుకు తీసుకెళ్లేలోపు వారితో ఒక కాల్ కావాలి. ఔట్‌లైన్, ఎంచుకున్న పేపర్ల జాబితా వారు చూసి మార్పులు చెప్పాలి. నా పాత్ర, స్పాన్సర్ పేరు జర్నల్‌కు ఎలా చెప్పబోతున్నామో ఇప్పుడే తేల్చుకుందాం. లేకపోతే సబ్మిషన్ దగ్గర పేపరు ఆగిపోయే ప్రమాదం ఉంది.' ఇందులో ఆరోపణ ఒక్కటీ లేదు. కంపెనీలు పాటిస్తామని చెప్పుకునే గుడ్ పబ్లికేషన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు, 2022లో వచ్చిన తాజా వాటితో సహా, ఇదే అడుగుతున్నాయి. అమెరికా, యూరప్ మెడికల్ రైటర్ల సంఘాలు, పబ్లికేషన్ నిపుణుల సంఘం కలిసి 2017లో విడుదల చేసిన ప్రకటన కూడా ఇదే చెబుతుంది. రెండూ ఈమెయిల్‌కు జత చేయండి. ఒంటరిగా ఒక జూనియర్ అడిగినట్టు కాకుండా, ఆ రంగమంతా ఒప్పుకున్న పద్ధతిని గుర్తుచేసినట్టు ఉంటుంది.

మీ అపాయింట్‌మెంట్ కాగితాల్లో రహస్యం పాటించాలని షరతు ఉంటే అది కూడా తీసి చదవండి. మామూలుగా అలాంటివి ట్రయల్ వివరాలు, క్లయింటు సమాచారం బయట చెప్పొద్దంటాయి. మీ పేరు జర్నల్‌కు కూడా చెప్పకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంటే మాత్రం, ఆ కంపెనీ ఎలాంటిదో మీకు అక్కడే అర్థమవుతుంది. ఉన్నఫళాన రాజీనామా చేయమని నేను అనను. లోను కట్టేది మీరు. ఆ ఒక్క ప్రాజెక్టు నుంచి తప్పించి వేరే పని ఇవ్వమని అడగండి, ఈలోపు వేరే చోట్ల అప్లై చేయడం మొదలుపెట్టండి.

థీసిస్ అడిగిన అబ్బాయికి మాత్రం కాదని చెప్పండి. ఇందులో నేను సగం మాట అనలేను. పీజీ థీసిస్ ఆ అబ్బాయి పరీక్షలో భాగం. దాన్ని పరీక్షకులు ఆమోదిస్తేనే హెల్త్ యూనివర్సిటీ వాళ్లు అతన్ని థియరీకి, ప్రాక్టికల్స్‌కు కూర్చోనిస్తారు. ఇది నా సొంత పని అని అతను సంతకం చేస్తాడు, గైడ్ దాన్ని ధ్రువీకరిస్తారు. మీరు రాస్తే ఆ రెండు సంతకాలూ అబద్ధమవుతాయి. నా భయం ఇంకోటి కూడా ఉంది. 'రాసిపెట్టు' అన్నవాళ్లలో కొందరు నాలుగు రోజులాగి 'మాస్టర్ చార్ట్ కూడా కాస్త నింపిపెట్టు' అంటారు. చూడని పేషెంట్ల వయసులు, బీపీలు, ల్యాబ్ రిపోర్టులు కూర్చుని కల్పించడమన్న మాట. ఆ థీసిస్సే తర్వాత పేపరవుతుంది. ఆ పేపరును ఎక్కడో ఎవరో నిజమని నమ్మి తమ విశ్లేషణలో కలుపుకుంటారు. అక్కడి నుంచి దాన్ని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు.

అతనికి సాయం చేయొచ్చు, ఫీజూ తీసుకోవచ్చు. అతను సేకరించిన కేస్ షీట్లతో మీ ముందు కూర్చోమనండి. శాంపిల్ సైజు ఎలా లెక్కేశాడో అడగండి, ఏ టెస్టు ఎందుకో చెప్పండి, అతను రాసింది చదివి ఇంగ్లీషు దిద్దండి, రెఫరెన్సులు వాంకోవర్ పద్ధతిలో, అంటే వరుస నంబర్లతో, పెట్టడం నేర్పండి. రాత అతనిది, మీ సాయం సంగతి గైడ్‌కు తెలియాలి, థీసిస్‌లో మీ పేరుతో ఒక వాక్యం ఉండాలి. గైడ్‌కు చెప్పడానికి అతను ఒప్పుకోకపోతే మీరూ ఒప్పుకోకండి. బావగారికి కొంచెం నొప్పిగా ఉంటుంది. 'వాడి డిగ్రీకే ప్రమాదం బావగారూ' అని చెబితే అర్థం చేసుకుంటారు.

వేరే పని వెతికేటప్పుడు రెండు దిక్కులు చూడండి. ఒకటి రెగ్యులేటరీ రైటింగ్, అంటే మందుల అనుమతుల కోసం ప్రభుత్వ సంస్థలకు ఇచ్చే పత్రాలు రాయడం. క్లినికల్ స్టడీ రిపోర్టులు, ప్రోటోకాల్స్ కంపెనీ పేరుతోనే వెళ్తాయి కాబట్టి అక్కడ అరువు పేర్ల గోల ఉండదు. రెండోది చాలామంది చిన్నచూపు చూసేది, నాకు ఎంతో ఇష్టమైనది: ట్రయల్‌లో చేరే పేషెంటుకు ఇచ్చే సమాచార పత్రం, అంగీకార పత్రం తెలుగులో రాయడం. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆ సమాచారం పేషెంటుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఇప్పుడు వస్తున్నవాటిలో చాలా పత్రాలు చదివితే తెనాలి నుంచి వచ్చిన టీచరుకే అర్థం కావు, ఇక నరసరావుపేట పక్క పల్లె రైతుకు ఎలా అర్థమవుతాయి? మందు తెలిసి, తెలుగు తెలిసి, రాయడం తెలిసిన మనుషులు ఈ పనికి చాలా తక్కువ. మీ రెజ్యూమెలో తెలుగు పత్రాలు రాయగలనని పై వరుసలోనే పెట్టండి. మంచి నమూనా ఒకటి సొంతంగా రాసి దగ్గర పెట్టుకోండి. ట్రయల్స్ నడిపే ఆసుపత్రుల రీసెర్చ్ కోఆర్డినేటర్లను, ఎథిక్స్ కమిటీ ఆఫీసులను అడిగి చూడండి.

ఈమెయిల్ మాత్రం వాయిదా వేయకండి. డాక్టరు గారి పేరు ఖరారయ్యేలోపు అది మీ మేనేజరు గారికి చేరాలి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో చూద్దాం.